తోమకూడని ఓవెన్

బేకరీ నడిపే చెల్లెలికి శుభ్రం అంటే పిచ్చి. గిన్నెలో మొహం కనపడేదాకా తోమితే గాని నిద్ర పట్టదు. వీధిలో అందరూ ఆవిణ్ణి అద్దాలమ్మ అనేవారు. ఆ మాటకి మురిసిపోయేది కూడా, పిచ్చిది.

అక్కకి ల్యాబు తప్ప వేరే లోకం లేదు. సీరియం అనే లోహం కలిసిన పొడితో ఒక పూత తయారు చేసింది. ఓవెన్ లోపలి రేకులకి అది పూస్తే, చిందిన వెన్నా నూనే ఆ వేడికే కాలి మాయమైపోతాయి. పూత మాత్రం తరగదు. పెళ్ళిపెద్దలాగా పని జరిపించి, తను చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏళ్ళ తరబడి అక్క దాని వెంటే పడింది. చివరికి ఆ ల్యాబు నడిపే కంపెనీ వాళ్ళు, నిజమైన బేకరీలో ఏడాది నిలబడితే చూద్దాం అన్నారు. నిజమైన బేకరీ అంటే ఇంకెవరిది, చెల్లెలిదే. నిలబడితే పూత బజారుకెక్కుతుంది, లేకపోతే అక్క ల్యాబు మూసేస్తారు.

రేకులు బిగించిన రోజున అక్క ఒకటే మాట చెప్పింది. "లోపల గోడలు మాత్రం తోమకే. వాటి పని అవే చూసుకుంటాయి."

చెల్లెలు నవ్వి ఊరుకుంది. అక్క మాటలు ఆవిడకి కొత్తా? చిన్నప్పుడూ అంతే, "నువ్వు పడుకోవే, అంట్లు నే తోముతాలే" అనేది. ఇదీ ఆ గారాబమే అనుకుంది.

ఏడాది తిరిగొచ్చింది. గోడలు బూడిదరంగులో గరుగ్గా, చూడ్డానికి మాసినట్టుండేవి గాని చుక్క జిడ్డు నిలవలేదు. తెల్లారితే కంపెనీ వాళ్ళు వస్తారనగా అద్దాలమ్మకి కాలు నిలవలేదు. పదిమంది ముందు అక్క ఓవెన్ ఇలా మసిమొహంతో ఉండటమా? ఒక్కసారైనా అక్క పని తను చెయ్యాలనుకుంది. ఇనప పీచు పట్టుకుని మధ్యాహ్నమంతా తోమింది. వేళ్ళు చెక్కుకుపోయాయి, రేకులు మిలమిలా మెరిశాయి.

మర్నాడు కంపెనీ పెద్దాయన లోపలికి వంగి చూశాడు. "ఇదేంటమ్మా, పూత ఏది? ఎవరైనా తోమారా?"

అక్క ఓవెన్ వంక చూసింది. టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి వేళ్ళ వంక చూసింది.

"లేదండీ. పూతే నిలవలేదు," అంది.

నేనే తోమానండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ చెల్లెలు అంతమందిలో తెలివితక్కువదాన్నవుతానని జంకింది, చూడండి, ఆ జంకే ఆవిణ్ణి ఇవాళ్టికీ తింటోంది. ఈలోగా పెద్దాయన, "అయితే మూసేద్దాం," అని టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

చెల్లెలు భోరుమంది. "అక్కా, పరిగెత్తి చెప్పొస్తా."

"తోమితే పోయే పూత ఎవరు కొంటారే అంటాడు," అంది అక్క నీరసంగా. "ఎందుకు తోమకూడదో నీకు చెప్పాల్సింది. నీకర్థం కాదులే అనుకున్నాను. తప్పు నాది కూడా. రా, ఆ వేళ్ళకి మందు రాస్తా."

ఆ మాట కంటే తిట్టినా బాగుండేదనిపించింది చెల్లెలికి.

ఆ ఓవెన్ ఇప్పటికీ ఉంది. వెన్న చిందిన చోటల్లా మాడి, నల్లగా పేరుకుపోతోంది. అద్దాలమ్మ దాన్ని మాత్రం తోమదు. ఆ పేరుతో పిలిస్తే పలకదు కూడా.