ఫ్యూజులు నా జేబులోనే ఉన్నాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బాన్సువాడలో ఎవరిని అడిగినా చెబుతారు. ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నవాణ్ని, కరెంటు పనిలో నాకు పాఠం చెప్పే మొనగాడు ఈ చుట్టుపక్కల లేడనుకునేవాణ్ని. అలాంటి నన్ను యాభై రెండేళ్ల వయసులో బడిపిల్లాడిలా కుర్చీలో కూర్చోబెట్టారు.

బస్టాండు దగ్గరి నాలుగంతస్తుల బట్టల షోరూములో కరెంటు వాడకం తగ్గించాలని సేటు కిషన్‌లాల్ కొత్త ఏర్పాట్లు చేయించాడు. జనం పెరిగితే గాలి పెంచి, తగ్గితే తమంతట తామే నెమ్మదించే ఫ్యాన్లు, ఎండను బట్టి మారే ఏసీ. వాటిని నడపడం నేర్పడానికి వర్ని నుంచి సింధుజ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. నేర్చుకునేది ముగ్గురం. నేను, పదిహేనేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మంగ్యా, జనరేటర్ చూసే దేవ్‌సింగ్.

చల్లదనం గురించి ఆమె చెప్పినవి బాగానే ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి ఏసీని పద్దెనిమిదిలో పెట్టుకోవడం మావాళ్లకు గొప్ప. ఫిల్టర్లు కడిగి, తలుపులు మూసి, ఇరవై నాలుగులో పెడితే చాలని ఆమె మీటరులో తేడా చూపించి మరీ చెప్పింది. కిక్కురుమనకుండా ఒప్పుకున్నాను. పేచీ తాళం దగ్గరే వచ్చింది.

ముగ్గురికీ తలో ఎర్ర తాళం ఇచ్చింది. మిషన్‌లో చెయ్యి పెట్టేవాడు ముందు మెయిన్ స్విచ్ దించి, దాని పిడికి తన తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలట.

"మీ తాళం మీరు తప్ప ఇంకెవరూ తియ్యకూడదండీ పండరి గారూ," అంది.

"ఫ్యూజులు పీకి జేబుల ఏసుకుంటే అయిపాయె. గీ తాళాలెందుకు మేడమ్? నేనేమన్న సైకిల్ స్టాండ్ నడుపుతున్ననా?" అన్నాను.

మా వైపు పద్ధతి అదే. పొలంలో మోటారు విప్పేముందు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకుంటాం. ఫ్యూజు నా దగ్గరుంటే కరెంటు ఇచ్చేదెవడు?

"ఫ్యూజు కనబడకపోతే ఇక్కడి వాళ్లు ఏం చేస్తారు?" అని అడిగింది సింధుజ.

దేవ్‌సింగ్ నవ్వాడు. "ఫ్యూజు జాగల రాగి తీగ పెడ్తం మేడమ్. పండరన్ననే నేర్పిండు."

ఆమె నా వైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మంగ్యా అప్పటికే తన తాళాన్ని పిడికి తగిలించి చూసుకుంటున్నాడు. అందరి ముందూ వాడి మెడ మీద ఒక్కటిచ్చి, తాళం లాక్కుని నా సంచిలో పడేశాను.

"నా మీద నమ్మకం లేదారా నీకు?"

"ఉందన్నా," అన్నాడు వాడు మెడ రుద్దుకుంటూ.

"ఆ తాళం అతనికి తిరిగివ్వండి," అంది సింధుజ గట్టిగానే. నేను ఇవ్వలేదు.

ఐదో రోజు పొద్దున మేడ మీది పెద్ద ఫ్యాన్ బెల్టు కీచుమనడం మొదలుపెట్టింది. అది రేకుల గదిలో మనిషెత్తు ఫ్యాన్. నాలుగంతస్తులకూ గాలి అక్కడినుంచే. నేను మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాను. మంగ్యా లోపలికి దూరి, దుమ్ము బయటికి రాకుండా తలుపు దగ్గరికి వేసుకున్నాడు. సింధుజ కింద ఏ అంతస్తు ఎంత వేడెక్కుతోందో కొలుస్తోంది. దేవ్‌సింగ్ కింద జనరేటర్ దగ్గర ఉన్నాడు.

పెళ్లిళ్ల రోజులు. షోరూము కిటకిటలాడుతోంది. పావుగంట గడవకముందే మేనేజరు వినోద్‌కుమార్ చెమటలు కక్కుతూ పైకి వచ్చాడు.

"కింద గిరాకీలు ఉడికిపోతుండ్రు. ఫ్యాన్ ఇయ్యి."

"మంగ్యా లోపట ఉన్నడు. ఆగు."

"ఎంతసేపు ఆగాలె? నువ్వు నౌకరివా, సేటువా? తియ్ ఫ్యూజులు!" అంటూ నా జేబులో చెయ్యి పెట్టాడు.

అంతే. వాడి ముక్కు మీద తలతో గుద్దాను. పటుక్కుమంది. వాడు అక్కడున్న ఇనుప పానా ఎత్తి నా భుజం మీద వేశాడు. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకుని దూకేసరికి వాడు మెట్లు దిగి పరుగు తీస్తున్నాడు. వెంటపడ్డాను. జేబులో ఫ్యూజులు గలగలమంటున్నాయి. మంగ్యా గురించి ఫికర్ లేదనుకున్నాను.

మూడో అంతస్తు మలుపులో దొరికాడు. జుట్టు పట్టి తలను గోడకు కొట్టాను. పడ్డాక డొక్కలో తన్నాను. పెదవి చిట్లి, పన్ను ఊడి నేల మీద పడింది. పట్టుచీరలు చూస్తున్న ఆడవాళ్లు కేకలు పెడుతూ పిల్లల్ని లాక్కుని పారిపోయారు. ఎవరో నా నడుం పట్టుకుంటే మోచేత్తో విదిలించాను. మంగ్యా కోసమని మొదలుపెట్టాను గానీ, నిజం చెప్పాలంటే, రెండో దెబ్బ నుంచి నా కోసమే కొట్టాను. హాయిగా ఉంది.

అప్పుడు నా మెడకు చల్లగాలి తగిలింది.

తల ఎత్తి చూశాను. కప్పులోని జాలీలోంచి గాలి కొడుతోంది. వేలాడదీసిన చీరలు కదులుతున్నాయి. వెనక గుంపులో ఎవరో "హమ్మయ్య" అన్నారు.

వినోద్‌కుమార్‌ను వదిలేసి మెట్ల వైపు పరిగెత్తాను. తర్వాత ఎలా ఎక్కానో తెలియదు. పైన స్విచ్ ముందు దేవ్‌సింగ్ నిలబడి ఉన్నాడు. ఫ్యూజులు ఉండాల్సిన మూడు చోట్లా రాగి తీగలు మెరుస్తున్నాయి.

"ఫ్యూజులు ఎవడో గుంజుకపోయిండన్నా. కింద లొల్లి చేస్తుంటే లిఫ్టుల వచ్చి తీగ పెట్టి మెయిన్ ఎత్తిన," అన్నాడు.

లోపల మనిషి ఉన్నాడని చెప్పేది ఆ పిడి మీద ఏమీ లేదు. దేవ్‌సింగ్‌ను పక్కకు నెట్టి మెయిన్ దించాను. తలుపు తెరిచాను. మంగ్యా అరవడం లేదు. కుడిచెయ్యి బెల్టుతోపాటు చక్రంలోకి మోచేతి దాకా వెళ్లిపోయింది. రేకుల నిండా నెత్తురు. బెల్టు కోసి బయటికి లాగుతుంటే వాడు ఒక్కసారి నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. సింధుజ పరుగున వచ్చి తన చున్నీ విప్పి, చేతికి పైన బిగించి కట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

దవాఖానలో చెయ్యి తీసేశారు. ఆ కబురు విని తండా నుంచి మంగ్యా చుట్టాలు ట్రాక్టరులో దిగారు. కరెంటు ఇచ్చింది దేవ్‌సింగ్ అని ఎవరో చెప్పారు. నేను బయటికి వచ్చేసరికి వాణ్ని మట్టిలో పడేసి కర్రలతో బాదుతున్నారు.

మధ్యలోకి పోయాను. "వాన్ని ఇడువుండ్రి! వానికేం తెల్వదు. తాళం ఎయ్యనియ్యంది నేనే. తీగ పెట్టుడు నేర్పింది నేనే. ఆడ నిలబడకుండ పోయింది నేనే."

కర్రలు నా మీదికి తిరిగాయి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి దెబ్బ తిని ఊరుకున్నవాణ్ని కాదు. ఆ రోజు చెయ్యెత్తలేదు. కనుబొమ్మ చిట్లింది, పక్కటెముక ఒకటి కలుక్కుమంది. దెబ్బ పడిన ప్రతిసారీ గుండెలో కాస్త బరువు దిగినట్టే అనిపించింది.

"ఆగుండ్రి," అంది ఒక ఆడగొంతు. మంగ్యా భార్య బుజ్జమ్మ. కర్రలు ఆగాయి. ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"గా మేనేజర్ని ఎంతసేపు కొట్టినవన్నా?"

"యాదికి లేదు. గాలి వచ్చేదాక."

"గంతసేపు నా మొగని కాడ నిలబడితే అయిపోతుండె గదన్నా."

తిట్టలేదు. ఎప్పటిలాగే అన్నా అని పిలిచింది. లేచి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె వెనకే మగవాళ్లు కూడా ఒక్కొక్కరే కర్రలు పడేసి కదిలారు.

పోవద్దని, ఇంకా కొట్టమని ఒకడి కాళ్లు పట్టుకున్నాను. వాడు కాళ్లు విడిపించుకుని వెళ్లిపోయాడు.