రెక్కకు అతుకు

మా మామ అంబదాస్‌కు ఒక అలవాటు ఉంది. ఎదుట ఎవరు కూర్చున్నా వాళ్ల బట్ట అంచు రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూస్తాడు. ఒకసారి రెవెన్యూ గిరదావరు లెక్కలకని ఇంటికొస్తే, ఆయన షేర్వానీ అంచు పట్టుకుని "గిది ఎండకు ఆగది సాబ్" అన్నాడట. నన్ను చూడ్డానికి కరీంనగర్ వచ్చినప్పుడు కూడా నా వైపు చూడకముందే మా బాపు కండువా నలిపి "మంచి నేత" అన్నాడు. సంబంధం అక్కడే కుదిరిందని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

నేను ఆదిలాబాద్‌కు కోడలిగా వచ్చిన మూడో ఏడు, పందొమ్మిది వందల అరవై ఆరు డిసెంబరులో, ఊరి బయట నిజాం కాలంనాటి విమానాల మైదానంలోకి హైదరాబాద్ నుంచి రెండు లారీలు వచ్చాయి. అంతకుముందు ఆ మైదానంలో మేకలు తప్ప ఏమీ దిగగా నేను చూడలేదు. ఒక లారీలో గ్లైడరు, రెండో దాంట్లో దాన్ని గాలిలోకి లాగే యంత్రం. పది రోజులు ఉంటారట. పదహారేళ్లు నిండిన విద్యార్థులు ఎవరైనా ఎక్కవచ్చు, తండ్రి సంతకం మాత్రం కావాలి. ఎక్కినందుకు రూపాయి. మైదానంలో రోజంతా పనిచేసినవాళ్లకు ఆ రూపాయి కూడా లేదు.

ఈ సంగతి బడి గోడ మీద చదివి మా ఆడబిడ్డ అనసూర్య పరుగున ఇంటికి వచ్చింది. ఆమెకు సెప్టెంబరులోనే పదహారు నిండాయి. ఇంటి మీదుగా విమానం పోతే చాలు, చరఖా వదిలేసి వాకిట్లోకి ఉరికే పిల్ల. అది కనుమరుగయ్యేదాకా చూసి, లోపలికి వచ్చి తెగిన పోగు అతికేది.

మామ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. మా అత్త దేవవ్వ పక్కన కండెలు చుడుతోంది.

"బాపూ, గీ కాగితం మీద ఒక సంతకం."

"ఫీజా?"

"ఫీజు లేదు. పనిజేస్తే ఊకెనే ఎక్కిస్తరట. గ్లైడర్. ఇంజను లేని ఇమానం."

"ఇంజను లేకుంటే ఎట్ల లేస్తది?"

"పతంగి లేసినట్లే. గీ దిక్కు తీగ కడుతరు, గా దిక్కు నుంచి యంత్రం గుంజుతది. మీదికి పోయినంక తీగ ఇడుస్తరు. ఇగ గాలి మీద తేలుకుంట దిగుడే. మొత్తం పెట్రోలుతోని పోయేటిదైతే గంటకు మన మూడు చీరెల పైసలు. గిది అగ్గువ."

"అగ్గువ అన్నవ్ గద, ఇగ మీ బాపు ఒప్పుకుంటడు తియ్," అంది అత్త.

మామ నవ్వాడు. నిజంగానే ఒప్పుకునేట్టు ఉన్నాడు. "ఇనుపదేనా?" అని అడిగాడు.

"ఇనుము గాదు బాపూ, బరువైతది. సన్నటి కట్టెలు, వాటి మీద బట్ట."

నేతగాడు సంతోషిస్తాడనుకుని చెప్పింది పాపం. మామ చేతిలో పేక పోగు మోసే నాడె ఆగిపోయింది.

"బట్టనా?"

"ఔ. మన బట్ట లెక్కనే."

"ఇనుపదైతే పోనిస్తుంటి," అన్నాడు మామ. "ఇనుము సంగతి నాకు తెల్వది, తెలిసినోళ్లు చూసుకుంటరు. బట్ట సంగతి నాకెరుక. నలభై ఏండ్ల సంది నేస్తున్న. ఎంత మంచి బట్టయినా ఒకనాటికి చినుగుతది. అది గాలిల చినిగితే?"

కాగితం వెనక్కి ఇచ్చేశాడు. ఆ పూట అనసూర్య కండెలు చుట్టలేదు. మా ఆయన ఆసిఫాబాద్‌లో మాస్టరు. అన్న సంతకం పెడితే చెల్లదా అని ఉత్తరం రాద్దామంది. తండ్రి బతికుండగా అన్న సంతకం ఎట్లా చెల్లుతుందని నేనే ఆపాను.

సంతకం లేకపోయినా మైదానంలో పనికి అడ్డులేదు. మర్నాటి నుంచి సెలవులు. ఆడపిల్ల ఒక్కతీ వద్దని అత్త నన్ను తోడు పంపింది.

గ్లైడరు శిబిరం పెద్ద రాజం సార్. మంథనిలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి, ఎండకు ముఖం నల్లబడి పళ్లు తెల్లగా కనిపిస్తాయి. "లంగా ఓణి మీద ఉరుకుతవా బిడ్డా?" అని అనసూర్యను అడిగాడు. ఆమె ఓణి నడుముకు బిగించి మైదానం ఆ చివరికి పోయి వచ్చింది. అప్పటి నుంచి రెక్క కొస పట్టుకుని పరుగెత్తే పని ఆమెదే. గ్లైడరుకు ఒకే చక్రం కాబట్టి లేచేదాకా ఒకరు రెక్కను సమంగా పట్టి ఉరకాలి.

"ఆ యంత్రం చూసినవా వదినా," అంది మొదటి రోజే. "మన చరఖానే. గీడ తీగ, గాడ పోగు, గంతే ఫరక్."

రెక్క మీద పూసిన మందును డోపు అంటారని, అది ఆరితే బట్ట బిగుసుకుంటుందని రాజం సార్ చెప్పినప్పుడు కూడా, "మన గంజి" అని నా చెవిలో అంది.

రోజూ సాయంత్రం రాజం సార్ తన పుస్తకంలో పనిచేసినవాళ్ల పేర్లు రాసేవాడు. అనసూర్య పేరు అందరికంటే ఎక్కువసార్లు ఉంది. తోటి పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి దిగుతున్నారు. "అనసూర్య రెక్కను మోసేటిదే గాని రెక్క అనసూర్యను మొయ్యది," అన్నాడు వాళ్లలో ఒకడు. ఆమె నవ్వేసింది కానీ ఇంటికి వచ్చే దారంతా నాకంటే ముందు నడిచింది. ఆదివారం సాయంత్రం లారీలు వెళ్లిపోతాయి. మళ్లీ ఆదిలాబాద్ వస్తామన్న మాట లేదు.

శనివారం పొద్దున మామ ముందు గంజి నీళ్ల గిన్నె పెడుతూ అన్నాను: "మామా, సంతలో బట్టను చేత్తో పట్టి చూడకుండ మీరు ఎన్నడన్న ధర చెప్పిన్రా?"

"ఎట్ల చెప్త?"

"మరి ఆ రెక్క బట్టను చూడకుండనే చినుగుతదంటిరి."

మామ నా ముఖం చూశాడు. గిన్నె ఎత్తి తాగాడు. "కాలేజీ సదువు," అన్నాడు అత్తతో. కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు.

మేం వెళ్లేసరికి మంచు విడిచి ఎండ వచ్చింది. ఆ పూట ఇంకా ఎగరడం మొదలు కాలేదు. మామ ఎవరినీ పలకరించకుండా తిన్నగా గ్లైడరు దగ్గరికి పోయి రెక్క మీద అరచెయ్యి వేశాడు. గోటితో గీకాడు. వంగి వెలుతురుకు అడ్డంగా చూశాడు. తర్వాత వేలు మడిచి కొట్టాడు. డప్పు మీద కొట్టినట్టు మోగింది.

"పత్తిదే," అన్నాడు. "పడుగూ పేకా సమంగ ఉన్నయి. ఎవ్వరు నేసిన్రో గాని చెయ్యి తిరిగినోళ్లు."

అనసూర్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ కొట్టుకుంటూ రెక్క కొస దాకా పోయాడు, కిందికి దూరి మళ్లీ మొదలుపెట్టాడు. రాజం సార్ చేతులు కట్టుకుని, పెద్దమనిషి ముచ్చట తీర్చుకోనీ అన్నట్టు చూస్తున్నాడు. ఒకచోట చప్పుడు మారింది. మామ ఆగి, అక్కడే మళ్లీ కొట్టాడు.

"సార్, జర ఇటు రాండి. గీడ బట్ట సచ్చింది."

పైకి ఏమీ లేదు. రంగు కూడా చెదరలేదు. రాజం సార్ కింద పడుకుని బొటనవేలితో నొక్కాడు. వేలు అప్పడంలోకి పోయినట్టు లోపలికి పోయింది.

"ఏదో ఘాటు నీళ్లు పడ్డయి," అన్నాడు మామ. "అద్దకం కాడ తేజాబు చుక్క పడితే గిట్లనే అయితది. కండ్లకు మంచిగనే కనవడుతది, బలం ఉండది." రాజం సార్ లారీ వైపు చూశాడు. వచ్చేటప్పుడు యంత్రం యాసిడ్ బ్యాటరీని ఆ రెక్క పక్కనే పెట్టి తెచ్చారు.

"రోజూ పొద్దుగాల చూస్తున్న," అన్నాడు రాజం సార్. "చూసిన గాని ఇనలే." పిల్లల వైపు తిరిగి, "ఇయ్యాల ఎగురుడు బంద్," అన్నాడు.

పిల్లలు గొణుక్కుంటూ మామను చూశారు. అనసూర్య నా చెయ్యి వదిలేసింది.

"గిందుకే వచ్చినవా బాపూ?" అంది. "వద్దంటే వద్దని ఇంట్లనే ఉండకపోయినవ్."

మామ రాజం సార్‌నే అడిగాడు: "బట్ట ఉన్నదా మీ తాన?"

బట్ట ఉంది, డోపు ఉంది. కుట్టే మనిషి మాత్రం జ్వరమొచ్చి నిర్మల్‌లోనే దిగిపోయాడు. కుట్టించి, చూసి, సరిగ్గా ఉందని రాసే అధికారం రాజం సార్‌కు ఉంది కానీ, తన చెయ్యి సూదికి మోటు అని ఆయనే ఒప్పుకున్నాడు.

"నాకు సన్నపు సూది కనవడది," అన్నాడు మామ. "నా బిడ్డ కుడుతది."

రాజం సార్ చెడిన ముక్కను బలమైన చోటిదాకా కోసేశాడు. కొత్త ముక్క పెట్టి, వంకర సూది అనసూర్య చేతికిచ్చి, ఎనిమిది కుట్లకు ఒక ముడి వెయ్యమన్నాడు.

"గన్ని ముడులెందుకు?" అన్నాడు మామ.

"ఒక కుట్టు తెగినా పక్కది ఊడొద్దని."

"ఇచారం జేసి పెట్టిన్రు," అన్నాడు మామ. అప్పటిదాకా ఆయన ఆ శిబిరాన్ని మెచ్చుకున్నది బట్ట విషయంలోనే. ఇప్పుడు ముడుల విషయంలో కూడా మెచ్చుకున్నాడు.

అనసూర్య ముఖం గంటు పెట్టుకునే వెల్లకిలా పడుకుని కుట్టడం మొదలుపెట్టింది. మామ పక్కనే చతికిలబడ్డాడు.

"ఇప్పు."

"మంచిగనే ఉన్నది గద."

"ఇప్పు. గీ రెండు కుట్లు ఇరుకు, గిది ఎడం."

విప్పింది. మళ్లీ కుట్టింది. మళ్లీ "ఇప్పు" అన్నాడు. మూడోసారి విప్పుతుంటే ఆమె చెయ్యి నెమ్మదించింది. తలతిప్పి తండ్రిని చూసింది. పంపే ఆలోచన లేనివాడు కుట్టు ఎడమైతే ఏమి, ఇరుకైతే ఏమి? ఆయన చూపు సూది మొన మీదే ఉంది. మళ్లీ కుట్టేటప్పుడు ఆమె ముఖంలో గంటు లేదు.

మధ్యాహ్నం ఎండలో మొదటి పూతలు పడ్డాయి. చల్లబడ్డాక పూస్తే డోపు తెల్లగా పొంగుతుందని రాజం సార్ ఆపేశాడు. "గంజి గూడ గంతే," అన్నాడు మామ, పాత స్నేహితుడితో అన్నట్టు. మిగతా పూతలు ఆదివారం మంచు విడిచాక. అవి ఆరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. బట్ట బిగిసింది. మామ వేలు మడిచి కొట్టాడు. మోగింది. రాజం సార్ కూడా చెవి పెట్టి విన్నాడు.

ముందు రాజం సార్ ఒక్కడే ఎగిరి దిగాడు. దిగాక రెక్క కిందికి దూరి అతుకంతా తడిమి, పుస్తకంలో రాశాడు. రాసిన కలం మామ వైపు చాచాడు. అనసూర్య ఓణి కొంగు ముడి విప్పి, తొమ్మిది రోజులుగా మడతలు పడ్డ కాగితం తీసింది. మామ నిజాం కాలపు బడిలో చదివాడు. కుడి నుంచి ఎడమకు ఉర్దూలో అంబదాస్ అని నిదానంగా రాశాడు.

"బాపూ, ఫికర్ లేదా?"

"ఉన్నది. అయినా పో. నువ్వే కుట్టినవు, నేనే చూసిన."

అన్నం గంప ఎత్తుకుని అత్త అప్పుడే వచ్చింది. గ్లైడరులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, పైన కప్పు లేదు. రెక్క కొస పట్టుకోవడానికి, ఆమెను ఎగతాళి చేసిన పిల్లవాడే వచ్చాడు. "సమంగ పట్టు," అని లోపలి నుంచి హుకుం చేసింది అనసూర్య. దూరాన జెండా ఊగింది. తీగ బిగిసింది. పది గజాలు గడ్డి మీద పోయిందో లేదో ముక్కు ఎత్తి నిట్టనిలువుగా లేచింది. పైన తీగ విడిచింది. ఇక ఏ చప్పుడూ లేదు.

ఆ నిశ్శబ్దంలోనే పైనుంచి ఆమె నవ్వు వినిపించింది. మాటలు కాదు, నవ్వే. మేకల కాపరులు కూడా తలలెత్తారు. "అది మన అనసూర్యే," అంది అత్త, నమ్మలేనట్టు. మామ మాత్రం రెక్క కింద లేతరంగులో కనిపిస్తున్న ఆ జానెడు ముక్కనే చూస్తున్నాడు. గ్లైడరు ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు.

ఐదు నిమిషాలకు దిగింది. అనసూర్య దూకి వచ్చేలోపే మామ రెక్క కింద ఉన్నాడు. కొట్టాడు, విన్నాడు, అప్పుడు బయటికి వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

"సార్ ఇమానం తిప్పే పుల్ల నా చేతికిచ్చిండు బాపూ. నేనే తిప్పిన. మన వాకిలి కనవడ్డది. పడుగు ఆరేసిన తావు కనవడ్డది. హైదరాబాద్‌ల గూడ గిట్లనేనట, పనిజేస్తే ఎక్కిస్తరట. కుట్టొస్తదంటే ఇంక ముందుగాల ఎక్కిస్తరట."

"ముందుగాల పరీక్షలు రాయి," అన్నాడు మామ. వద్దనలేదు.

అత్త అన్నం గంప కింద పెట్టింది. చీర చెంగు నడుముకు దోపి రాజం సార్ దగ్గరికి పోయింది.

"సార్, పదారేండ్లు నిండాలంటిరి. నాకు ఎప్పుడో నిండినయి. గంపెడన్నం మోసుకొచ్చిన, గది పనిల పడ్తదా?"

రాజం సార్ పొద్దు వైపు చూశాడు. "ఇంకొక్కసారికి వెలుగున్నది. గని సంతకం..."

అత్త వెనక్కి తిరిగి మామను చూసింది. కలం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.