ఎర్ర మాత్ర

పొద్దున్నే బొగ్గులు రాజేసి, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు మాత్రలన్నీ మింగాలి. మింగినవి గొంతు దాకా ఎగదన్నుకొస్తుంటే మూతి బిగించుకుని నిలబడాలి. ఇస్త్రీ చేసే అతనికి ఆ మందుల వాసనే రోత. ఎర్ర మాత్రంటే మరీ రోత. దాని పుణ్యమా అని ఉచ్చ ఎరుపు, చెమట ఎరుపు. నుదుటి మీంచి ఒక్క చుక్క ఎవరి తెల్లచొక్కా మీదన్నా పడిందా, ఆ బేరం పోయినట్టే.

క్షయ పట్టినప్పటి నుంచీ అతని ఛాతీలో తాపీపని నడుస్తోంది. పురుగులు గోడలు కట్టుకునే చప్పుడు వీధి అవతలికి వినిపించేది. బట్టలు తెచ్చినవాళ్లు, "ఇంకా కడుతూనే ఉన్నాయా?" అనడిగి, మూట పడేసి దూరం జరిగేవారు.

"ఒక మాత్ర వాటిని గోడ కట్టనివ్వదు. ఇంకోటి ఒంట్లో ఆమ్లం ఊరే పుల్లటి మూలల్లో నక్కినవాటిని పడుతుంది" అని చెప్పింది ఆసుపత్రిలో మందులిచ్చే నర్సమ్మ. "కొన్ని మొండిఘటాలు పని మానేసి పడుకుంటాయి. వాటి పని పట్టేది ఎర్రదే. చప్పుడు ఆగింది కదా అని మానేసేవు!"

చప్పుడు ఆగింది. దగ్గూ ఆగింది. అతను మిగతావి బుద్ధిగా మింగి, ఎర్రది మాత్రం భార్య చూడకుండా బొగ్గుల్లో పడేయడం మొదలెట్టాడు. మరకలు పోయాయి, బేరాలు తిరిగొచ్చాయి. అన్నాళ్లూ దూరంగా ఉంచిన పసిపిల్లను గుండెల మీద పడుకోబెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అతను అలా పిల్లతో పడుకుని ఉండగా, బట్టలు మడతపెడుతున్న భార్య ఆగిపోయింది.

"మెలకువగానే ఉన్నావు కదా?"

"ఉన్నా. ఏం?"

"మరి ఈ గురక ఎవరిది?"

అతను ఊపిరి బిగబట్టాడు. గురక తన ఎముకల కింద నుంచే. ఒకటి కాదు, బోలెడు. తన ఒంట్లో తిని, తన ఒంట్లోనే హాయిగా పడుకున్న గురకలు. అంతలో ఒక గురక ఆగింది. లోపల ఏదో ఆవులించింది. వెంటనే ఇటుక మీద తాపీ దెబ్బ.

భార్య పిల్లను లాక్కుంది.

"ఏ మాత్ర మానేశావ్?"

అతను బొగ్గుల వైపు చూశాడు.

"ఛీ! మరకలు పడతాయని పిల్ల మొహాన దగ్గుదామనుకున్నావా?"

ఆమె అతన్ని అంత అసహ్యంగా ఎప్పుడూ చూడలేదు.

మళ్లీ కఫం డబ్బా, మళ్లీ పరీక్షలు, మందులు మొదటి నుంచీ. పిల్లకీ పరీక్ష చేశారు, ఏమీ అంటలేదు. "ఎర్రదానికి పురుగులు ఇంకా లొంగుతున్నాయి, నీ అదృష్టం" అంది నర్సమ్మ. అతను నుదుటికి గుడ్డ కట్టుకుని ఇస్త్రీ చేశాడు. ఎర్రటి ఉచ్చ చూసి రోజూ ఛీ అనుకున్నాడు, రోజూ మింగాడు. గురకలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

మందులు ముగిశాక, నర్సమ్మ నయమైపోయిందన్నా, భార్య నమ్మలేదు. ఛాతీకి చెవి ఆనించింది.

"గుండె కొట్టుకుంటోంది. అంతే."

"సరిగ్గా విను."

ఆమె మళ్లీ విన్నది. లేచి వెళ్లి, పిల్లను తెచ్చి అతని మీద పడుకోబెట్టింది. పిల్ల నోట్లోంచి ఒకటే సొంగ. చొక్కా అంతా తడిసి ముద్దయింది. అతను ఛీ అనలేదు.