గిట్ల కోటు అంచు

ఫైవిష్ కాలు ఒకచోట నిలిచేది కాదు. కుట్టుమిషను మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు. ఎవరో పిలిచినట్టుండేదట.

"ఏదో రోజు ఒక్క కాలే కుట్టి పంట్లాం అప్పగిస్తావురా," అనేవాడు హెనొహ్. "యుద్ధం ఇప్పుడేగా అయింది. కుంటివాళ్ళకి కరువా, ఎవడో ఒకడు కొంటాడులే."

యుద్ధానికి ముందు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కుట్టినవాళ్ళే. జర్మన్లు వాళ్ళ ఊరు లోద్జ్‌లో దిగగానే ఫైవిష్ తూర్పుకి పారిపోయాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎవరేం చేస్తారు, మగవాళ్ళు తప్పించుకుంటే చాలు అన్నారు పెద్దలు. నిలదీద్దామంటే ఆ పెద్దల్లో ఒక్కడూ మిగల్లేదు. తాష్కెంటులో దూదికోట్లు కుట్టి బతికి, మొన్న వసంతంలో తిరిగొచ్చాడు. హెనొహ్ మాత్రం యూదులందర్నీ కంచె వేసి ఉంచిన ఘెట్టోలోనే ఉండి అన్నీ చూశాడు. చూసింది ఎవరికీ చెప్పడు.

ఫైవిష్ భార్య రైజ్ల జ్వరంతో పోయిందని తెలిసింది. కూతురు గిట్ల ఏమైందో చెప్పేవాళ్ళే లేరు. తండ్రి వెళ్ళేనాటికి ఆరేళ్ళ పిల్ల. దాని బడికి వెళితే తరగతి గదిలో బంగాళాదుంపలు పోసి ఉన్నాయి. పంతులమ్మలు లేరు, పక్కింటివాళ్ళు లేరు. ఆచూకీ లేదని చెప్పడానికి మాత్రం యూదుల కమిటీ ఆఫీసులో ముగ్గుర్ని కూర్చోబెట్టారు.

"మన ఆచారం ప్రకారం ఏడు రోజులు పెట్టె మీద కూర్చుని దాని శోకం తీర్చుకోరా," అన్నాడు హెనొహ్. "ఈ తిరుగుడు చచ్చేదాకా తిరగలేవు."

"బతికున్న పిల్లకి శోకం పడతారట్రా? కళ్ళు పోతాయి!"

ఆ మాట అన్న వారంలోనే బలూతీ సంతలో, తను గిట్లకి కుట్టిన కోటు ఫైవిష్ కంటబడింది. పాతబట్టలమ్మే కజిమీరా దుకాణంలో, తాడుకి వేలాడుతూ. నీలం ఉన్ని, కాలరుకి మఖమలు ముక్క. ఆ ముక్క ఒక మిల్లు యజమాని భార్య గౌను గుడ్డలోంచి తను నొక్కేసిందే.

"ఇదెక్కడిదమ్మా?"

"మా అత్తగారి పెళ్ళికోటు. కొంటావా, కబుర్లు చెబుతావా?"

"అంచు చూసుకోనీ."

"చూడు, చూస్తే అరగదు. అలా పిసికావంటే మాత్రం డబ్బు పెట్టాల్సిందే. పబ్యానిత్సె గోదాము సరుకది, ఎన్ని చేతులు మారిందో నాకేం తెలుసు?"

ఫైవిష్ ఆ మాట విన్నాడు, వినలేదు. అంచు తిరగేశాడు. పెరిగే పిల్ల గదా అని లోపల తను రెండు మడతలు దాచాడు. రెండూ విప్పేసి ఉన్నాయి, గీతలు మిగిలాయి. ఆ తర్వాత మళ్ళీ అంచుని బాగా పైకి మడిచి కుట్టారు. ఆ కుట్లు అందరి కుట్లలా కాక, ఎదురువైపుకి వాలి ఉన్నాయి. గిట్లది ఎడమచేతి వాటం. బడిలో ఆ చేతిని బెంచీకి కట్టేసినా, ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చుంటే సూది మళ్ళీ ఆ చేతిలోకే పోయేది.

బేరం కూడా ఆడకుండా కొని, రొప్పుతూ కొట్లోకి వచ్చి పడ్డాడు.

"బతికుందిరా! ఇటు చూడు. మడతలు విప్పింది, అంటే పెరిగింది. అదీ చాలకపోయింది. చాలకపోతే పైకి మడిచి ఎవరో చిన్నపిల్లకి ఇచ్చేసింది. కుట్టు దానిదే, ఒట్టు! ఎక్కడో ఉంది, నాకంటే పొడుగైపోయి ఉంటుంది!"

హెనొహ్ కోటు తీసుకున్నాడు. అంచు చూడలేదు. భుజాలు నొక్కాడు.

"ఇక్కడ చెయ్యి పెట్టు."

లోపల పేలికలు కుక్కి ఉన్నాయి. చుట్టూ అవే ఎడమచేతి కుట్లు.

"చిన్నపిల్లకిచ్చే కోటుకి భుజాలు ఎత్తడమెందుకురా?"

ఫైవిష్ కోటు వెనక్కి లాక్కోబోయాడు.

"నువ్వెళ్ళిన మూడేళ్ళకి, సెప్టెంబరులో, పదేళ్ళలోపు పిల్లల్ని అప్పగించమన్నారు జర్మన్లు," అన్నాడు హెనొహ్, కోటుతోనే చెబుతున్నట్టు. "అందరం కుట్టాం. పొట్టికోటులోంచి మోకాళ్ళు కనబడితే పెద్దపిల్లల్లా ఉంటారని. భుజాల్లో పేలికలు, బూట్లలో కాగితాలు. మావాడికి నేనే కుట్టాను. కుట్టడం వచ్చినవాణ్ణి గదా." కాలరు తిప్పి చూస్తూ అడిగాడు. "ఎక్కడి సరుకన్నారు అమ్మినవాళ్ళు?"

"పబ్యానిత్సె."

లారీల్లో తీసుకెళ్ళి చంపినవాళ్ళ బట్టలు ఆ గోదాముకే చేరాయని లోద్జ్‌లో తెలియని మనిషి లేడు. ఫైవిష్‌కీ తెలుసు. సంతలోనే తెలుసు.

కత్తెర తీసుకుని తన కోటుకి కుడివైపు, పోయిన పిల్లల కోసం ఆచారంగా చింపే చోట, చిన్న గాటు పెట్టాడు. మిగతాది చేత్తో చించాడు. మంచి గుడ్డ కావడంతో తేలిగ్గా చిరగలేదు. హెనొహ్ పెట్టె బోర్లించి, "కూర్చో," అన్నాడు.

కూర్చున్నాడు. కాళ్ళు మాత్రం నేలమీద నిలవలేదు.

"తల్లి లేదు, నేను లేను. ఒక్కతే కుట్టుకుంది. ఇందులో పొడుగ్గానే కనబడి ఉంటుంది కదరా?"

హెనొహ్ కోటు అంచుని వేళ్ళతో చివరిదాకా తడిమాడు.

"వంకర లేకుండా కుట్టింది," అన్నాడు.

ఫైవిష్ లేచి వీధిలోకి పోయాడు. హెనొహ్ ఈసారి ఆపలేదు.