ఇత్తడి బిరడా

జీపు మా ఇంటికి వచ్చిన రోజే మా ప్రహరీ గోడ పోయింది.

నాంపల్లి స్టేషను వెనక సందులో మాది కిరాయి ఇల్లు. వాకిలి పెద్దదే గాని దర్వాజా చిన్నది. పాత ఇనుము వ్యాపారం చేసే బిచ్చయ్య మనుషులు ఎనిమిది మంది ఆ బండిని తాళ్లు కట్టి లాక్కొచ్చి, దర్వాజా ముందర ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటాయన ఊళ్లో లేడు. నేనే గడ్డపార తెచ్చి గోడ పడగొట్టాను. "మళ్లీ కట్టిస్తాను స్వామీ" అని కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను. ఇంటాయనతో చెప్పవలసిన మాట దేవుడితో ఎందుకు చెప్పానో నాకిప్పటికీ తెలియదు.

మా ఆవిడ లక్ష్మీనర్సమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏందయ్యా ఇది? బండా, పడవనా?"

"రెండూ."

"రెండూ అంటే ఏదీ సక్కగ కాదన్నట్టేగా."

అది నీళ్లలో కూడా పోయే జీపు. పెద్ద యుద్ధం కోసం అమెరికా వాళ్లు చేసినది. కింద పడవలాగా రేకు కడుపు, వెనక పంఖా, దాని వెనక చుక్కాని. బర్మా నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో, సికింద్రాబాదులో మిలిటరీ సామాను వేలం వేసినప్పుడు తక్కిన ఇనుముతో పాటు బిచ్చయ్య పాలిట పడింది. అట్లాంటిది షహరు మొత్తంలో ఇంకొకటి నేను చూడలేదు. ముక్కలు చేయొద్దని బిచ్చయ్యను బతిమాలాను.

"దసరా దాంక నీ వాకిట్ల ఉంచుకో మల్లూ," అన్నాడు బిచ్చయ్య. "నడిపించి కొనేటోణ్ణి తెస్తివా, సరే. లేకుంటే పండుగ నాడే గ్యాసు పెట్టి కోపిస్త. నాకైతే ఇనుము ఇనుమే."

అది 1953, శివరాత్రి అయిన వారం. నేను నిజాం ఫౌజు మోటారు వర్క్‌షాపులో పన్నెండేళ్లు మిస్త్రీగా చేసినవాణ్ణి. ఫౌజు ఎత్తేసినాక మమ్మల్ని ఇళ్లకు పంపించారు. అప్పటి నుంచి మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల గంపలు దించుతున్నాను. గంపలు దించడం తప్పు పని కాదు. కాని పొద్దున పూజలో చేతులు జోడించినప్పుడల్లా, ఈ చేతులకు నేర్పించిన విద్యను ఎక్కడ దాచిపెట్టావు స్వామీ అని అడగాలనిపించేది. అడిగితే కోపం వస్తుందేమోనని అడిగేవాణ్ణి కాదు.

వర్క్‌షాపులో నాతో పాటు పనిచేసిన హెర్బర్ట్ ఇప్పుడు అబిడ్స్‌లో చర్చి ఆర్గాన్లు, హార్మోనియాలు బాగుచేసి బతుకుతున్నాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే తెల్ల చొక్కా విప్పి మడతపెట్టి, బనియను మీద జీపు కిందికి దూరేవాడు. ఇరుసులు రేకును చీల్చుకొని బయటికి వచ్చే చోట నీళ్లు రాకుండా రబ్బరు తొడుగులు ఉండాలి. ఉన్నవి పొడిపొడి అయిపోయాయి. హెర్బర్ట్ ఆర్గాను తిత్తులకు వాడే తోలు తెచ్చి, దాని మీద లారీ ట్యూబు అంటించి, మడతలు మడతలుగా కొత్త తొడుగులు కుట్టాడు. నేను కడుపు రేకుకు పడ్డ నలభై బొక్కలకు అతుకులు వేశాను. ఇంజను మూడుసార్లు విప్పాను. నాలుగోసారి అది దగ్గి, పొగ విడిచి, మా సందులోని మేకలన్నిటినీ పరుగెత్తించి, నడిచింది.

స్టీరింగు పక్కన ఒక చిన్న పలక ఉండేది. ఇంగ్లీషులో ఏవో ఆజ్ఞలు. నేను చదివింది ఉర్దూ బడిలో నాలుగో జమాతు. హెర్బర్ట్ దాన్ని తుడిచి, చర్చిలో వాక్యం చదివినట్టే చదివి చెప్పేవాడు: "నీళ్లలో దిగే ముందు అడుగున ఉన్న మూడు బిరడాలు బిగించవలెను."

బండి కడిగినప్పుడు లోపలి నీళ్లు పోయేందుకు అడుగున మూడు రంధ్రాలు, వాటికి మూడు బిరడాలు. రెండు ఉన్నాయి. అన్నిటికన్నా కింద, డ్రైవరు సీటు వెనక ఉండవలసిన మూడోది లేదు. ఆ కొలతకు ఇత్తడి ముక్క ఎక్కడా దొరకలేదు. ఒకనాడు లక్ష్మీనర్సమ్మ దేవుడి గూటి వెనక నుంచి విరిగిన దీపపు సెమ్మె తీసి నా ముందర పెట్టింది. అది మా అమ్మ చేతిది.

"ఇది వద్దే. దేవుని కాడిది."

"దేవుని కాడ విరిగి మూల పడ్డది. నీ కాడ పనికొస్తే తప్పా? ఎన్నాళ్లని నా వడియాలు ఆ బండి మూతి మీద ఎండబెట్టాలె? తొందరగ కానియ్యి, దాన్ని పంపియ్యి."

హెర్బర్ట్ తనకు తెలిసినవాళ్ల లేతు మీద ఆ సెమ్మెను బిరడాగా తీయించి, మరలు కోయించి తెచ్చాడు. తిప్పితే వెన్నలో వేలు దిగినట్టు దిగింది. బండి మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు అదే.

ఆ ఏడు వానకాలంలో గోదావరి పొంగి ఊళ్లు మునిగాయి. వరద పనులు చూసే ఇంజినీరు సాబు ఒకాయన ప్రతి శుక్రవారం మార్కెట్‌కు పండ్ల కోసం వచ్చేవారు. ఒకసారి ఆయన కారులో బత్తాయిల గంప పెడుతూ ధైర్యం చేసి బండి సంగతి చెప్పాను. ఆయన ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి ఉర్దూలో అన్నారు.

"మిస్త్రీ, అది నీళ్లలో పోయి తిరిగి ఒడ్డెక్కిందని నా కళ్లకు చూపించు. బండినీ తీసుకుంటాను, నిన్నూ తీసుకుంటాను. దాన్ని నడిపేవాడు నాకు వేరే ఎక్కడ దొరుకుతాడు? దసరాకు ముందే ఒకరోజు చూసుకొని వస్తాను."

ఆయన వచ్చింది సరిగ్గా మహర్నవమి నాడు.

మా ఇళ్లల్లో నవమి నాడు పనిముట్లకు పూజ. పానాలు, సుత్తెలు, పేచ్‌కస్‌లు అన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి దేవుడి ముందర పరుస్తాం. పూజలో పెట్టినవి మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు. మా నాయన ముట్టలేదు, నేను ముట్టలేదు. ముందు రోజు సాయంత్రం జీపును కడిగి మూడు బిరడాలు తీశాను. రెండు తిరిగి బిగించాను. ఇత్తడి బిరడాను మాత్రం చింతపండుతో తోమి, పానాల నడుమ పెద్దబొట్టు పెట్టి పూజలో పెట్టాను. బండి మొత్తానికి అది ఒక్కటే దేవుడి ముందర కూర్చోదగిన వస్తువు అనిపించింది.

పూజ అయి హారతి ఆరకముందే సందు మొదట్లో కారు హారను మోగింది.

"మిస్త్రీ, రేపు పొద్దున రైలుకు వరంగల్లు పోతున్నాను. మళ్లీ నెల దాకా రాను," అన్నారు ఇంజినీరు సాబు. "చూపిస్తే ఇవాళే. హుసేన్‌సాగర్ దగ్గర, ఖైరతాబాదు వైపు ఒడ్డున ఉంటాను."

కారు వెళ్లిపోయింది. హెర్బర్ట్‌కు కబురు పెడితే సైకిలు మీద వచ్చాడు. నేను దేవుడి ముందర నిలబడి ఉన్నాను. బిరడా నా వైపు చూస్తున్నట్టే ఉంది.

"పానాల ఫికర్ లేదు. నావి పూజల లేవుగా," అని సంచి చూపించాడు హెర్బర్ట్. "బిరడా తియ్యి, పోదాం."

"రేపటి దాంక ముట్టద్దు, అన్నా," అంది లక్ష్మీనర్సమ్మ గుమ్మంలో నుంచి.

"రేపు బిచ్చయ్య గ్యాసు తెస్తడు చెల్లె."

నేను తీయలేకపోయాను. పూజ చేసిన బండిని నడపవచ్చు, పూజ చేసిన బిరడాను మాత్రం కదపకూడదు. ఈ తేడా ఎవరు పెట్టారు? మా నాయనను అడిగితే ఆయన తన నాయనను చూపించేవాడేమో. కాని ఇన్నేళ్లు తప్పని కట్టు, నా అవసరం వచ్చిన రోజే తప్పాలా? జామకొమ్మ ఒకటి నరికి, బిరడా కొలతకు చెక్కి, గుడ్డ చుట్టి, లక్క పూసి రంధ్రంలో కొట్టాను.

"మల్లూ," అన్నాడు హెర్బర్ట్, "పలక మీద రాసింది బిరడా. జామకట్టె అని రాయలే."

"దేవుడు చూసుకుంటడు."

"మీ దేవునికి ఈత వస్తదో, మా దేవునికి వస్తదో. నాకైతే రాదు."

పడగొట్టిన గోడ సందులోంచి, చక్రాల కింద నిమ్మకాయలు చిదుపుకుంటూ జీపు రోడ్డెక్కింది. లకిడీకాపూల్ దగ్గర జనం ఆగి చూశారు. "అరె, పడవకు కాళ్లొచ్చినయ్‌రా!" అని ఎవరో అరిచారు.

ముందు రోజు సద్దుల బతుకమ్మ. చెరువు ఒడ్డంతా తంగేడు పూలు, గునుగు పూలు తేలుతున్నాయి. ఇంజినీరు సాబు గొడుగు వేసుకొని నిలబడ్డారు. నేను మల్లన్నను తలచుకొని బండిని నీళ్లలోకి దించాను. చక్రాలు నేలను వదిలాయి. పంఖా తిప్పాను. బండి పూలను పక్కకు తోస్తూ ముందుకు పోయింది. హెర్బర్ట్ పాట ఎత్తుకున్నాడు.

నూరు గజాలు పోయి ఉంటాం. హెర్బర్ట్ పాట ఆగింది.

"మల్లూ, కిందికి చూడు."

నా పాదాల దగ్గర నీళ్లు. ఆ నీళ్లలో తంగేడు రెక్కలు తిరుగుతున్నాయి. లోపల పూలు ఎక్కడివి? ఇంజను అదురుకు జామకట్టె ఊడిపోయింది. చుక్కాని ఒడ్డు వైపు తిప్పాను. హెర్బర్ట్ టోపీతో నీళ్లు తోడుతూ ఒక పక్క ఏసును, ఒక పక్క నన్ను పిలుస్తున్నాడు. ఏసును మర్యాదగా, నన్ను వేరేగా. ముందు చక్రాలు నేల తాకేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంజను ఆగిపోయింది.

ఇంజినీరు సాబు గొడుగు ముడిచారు. "ఇది మునిగే బండి మిస్త్రీ."

"సాబ్, బండి తప్పు కాదు. నా తప్పు." నాకు తెలిసిన ఉర్దూ అంతా కూడగట్టుకొని జరిగింది చెప్పాను. పూజ సంగతి, బిరడా సంగతి, జామకట్టె సంగతి. ఆయన నవ్వలేదు. గడియారం చూసుకున్నారు.

"నేను నమాజుకు పోవాలి. తర్వాత ఇంట్లో భోజనం చేసి మూడు గంటలకు ఇటే పోతాను. అప్పటికి బండి నీళ్లలో ఉంటే చూస్తాను. లేకపోతే ఆగను."

హెర్బర్ట్‌ను నీళ్లు తోడడానికి, ఇంజను ఆరబెట్టడానికి వదిలి, ఎదురుగా సోడా బండివాడి సైకిలు అడిగి తీసుకొని నాంపల్లికి తొక్కాను. దారంతా ఒకటే ఆలోచన. బిరడా తీయాలని నిశ్చయించుకున్నాను. కాని ఆమెకేమని చెప్పాలి? చెప్పకుండా తీస్తే రేపటి నుంచి ఆ గూటి ముందర ఎట్లా కూర్చోవాలి?

లకిడీకాపూల్ ఎక్కుతుంటే ఎదురుగా ఒక రిక్షా వస్తోంది. అందులో లక్ష్మీనర్సమ్మ. కొంగులో ఏదో మూట పట్టుకొని ఉంది. నన్ను చూసి రిక్షా ఆపించింది. ఇద్దరం ఒకరి ముందర ఒకరం దొంగల లెక్క నిలబడ్డాం.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాను.

"నువ్వెందుకొస్తున్నవ్?" అని కొంగు విప్పింది. పసుపు, బొట్టుతో సహా బిరడా.

"తీసినవా?"

"దానికొక్కదానికే అక్షింతలేసి, జర ఉత్తరం దిక్కు జరిపి, ఉద్వాసన చెప్పిన. మంత్రం రాదు. పోయి రా తల్లీ అన్న."

"ఒక్క బిరడాకు ఉద్వాసన ఏ శాస్త్రంల ఉందే?"

"నాకేం తెల్వది. ఆనాడు నేను సెమ్మె తీసిచ్చినప్పుడు దేవుడు ఏమన్లే. గది ఆయన సొంత దీపం. దీపమే ఇచ్చినోడు బిరడాకు అడ్డం పడ్తడా? మీరు పోయినప్పటి సంది గూట్లోకి చూస్తే నాకు ఆయన కనవడ్తలేడు, నువ్వు మునుగుడే కనవడ్తుంది." కొంగుతో కళ్లు తుడుచుకొని, వెంటనే నా బట్టలు చూసింది. "మునిగినవా ఏంది?"

"సగం."

"అయితే సగం తప్పు నాది. ఎక్కు రిక్షా."

రిక్షా అతను సైకిలును వెనక కట్టుకోవడానికి ఎక్కువ అడిగాడు. ఆమె బేరం ఆడలేదు. మా పెళ్లైనాక అది చూడడం నాకు మొదటిసారి.

మూడు గంటలకు కారు వచ్చేసరికి జీపు చెరువు నడుమ ఉంది. అటు తిరిగాను, ఇటు తిరిగాను. నా పాదాల దగ్గరికి కొత్తగా చుక్క నీరు రాలేదు. ఒడ్డుకు తెచ్చాను. బండి పూలు కారుకుంటూ, తనంతట తాను నేల ఎక్కి ఆగింది. ఇంజినీరు సాబు బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నారు.

"ఇంకోసారి," అన్నారు. "ఈసారి నన్ను ఎక్కించుకొని."

ఆయన ఎక్కే ముందు సీటు వెనకకు వంగి అడుగున చూశారు. పసుపు, కుంకుమ నీళ్లకు కొంచెం కరిగి, ఇత్తడి మెరుస్తోంది. బిరడాను వేలితో ఒకసారి తట్టి, నా పక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున బిచ్చయ్య గ్యాసు సిలిండరు తోపుడుబండి మీద పెట్టించుకొని వచ్చాడు. స్టీరింగుకు కట్టిన కాగితం చూసి, "ఏంది మల్లూ ఇది, తాయెత్తా?" అన్నాడు. ఇంజినీరు సాబు చేతి ఉర్దూ అక్షరాలు. నేను చదివి వినిపించాను: ఈ బండిని కోయకూడదు, సర్కారు కొంటుంది. దీన్ని నడిపే బాలమల్లు అనే మిస్త్రీతో సహా సోమవారం వరద పనుల దఫ్తరుకు రావలెను.

బిచ్చయ్య కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మనిషిని కూడ సామాన్ల కలిపి రాసిండు," అని నవ్వి, సిలిండరు వెనక్కి తిప్పించాడు. అప్పటికి మా ఇంట్లో తక్కిన పనిముట్లకు ఉద్వాసన అయింది. పానాల నడుమ బిరడా ఉన్న చోట గుండ్రంగా ఖాళీ ఉంది. లక్ష్మీనర్సమ్మ అక్కడ ఒక తంగేడు పువ్వు పెట్టింది. అది జీపులో నుంచి తీసిందే.

దీపావళి అయినాక గోడ నేనే కట్టాను. ఈసారి దర్వాజా పెద్దగా పెట్టాను. ఇంటాయన ఎందుకని అడిగితే, దేవుడికి మొక్కుకున్నానని చెప్పాను.

అప్పటి నుంచి ప్రతి నవమికీ పనిముట్లన్నీ పూజలో పెడతాం. బిరడాను మాత్రం తీయం. బండి దగ్గరికే పళ్లెం తీసుకుపోయి, అడుగున పాకి, ఉన్నచోటనే దానికి బొట్టు పెట్టి వస్తాను. అది పద్ధతేనా అని పూజారిని అడుగుదామని మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఇంకా అడగలేదు.