రెండో హాయూన్

మా ఎండుచేపల సందులో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. పెద్ద బిడ్డ పుట్టిన రోజు నుంచీ ఆడమనిషి ఆ బిడ్డ తల్లి అయిపోతుంది. కొడుకు పుట్టినప్పటి నుంచీ నేను క్వాంగ్‌హో వాళ్లమ్మని. పక్క కొట్టు ఆవిడ యంగ్‌షిక్ వాళ్లమ్మ. ఆవిడ నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. అనడానికి ఖర్చేమీ లేదు కదా.

నాది నెత్తళ్ల కొట్టు, ఆవిడది వంటకి వాడే సముద్రపు నాచు కొట్టు. సరుకు వేరు కాబట్టి పోటీ లేదని చూసేవాళ్లు అనుకుంటారు. వ్యాపారం తెలిసినవాళ్లు అనుకోరు. కొనేవాడి సంచీ ఒక్కటే. అది ముందు ఎక్కడ నిండితే మిగతా చోట్ల అంత తక్కువ నిండుతుంది. సామ్‌చన్‌పో రేవు నుంచి నడిచొచ్చేవాళ్లకి ఆవిడ కొట్టు ఎదురుగా కనిపిస్తుంది. నాది దాని వెనక ఉంటుంది. నా దగ్గరికి వచ్చేసరికి సంచీలు సగం నిండి ఉంటాయి. ఇన్నేళ్ల నా వ్యాపారమంతా ఆ మిగిలిన సగంతోనే.

అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆవిడ మనవరాలు పుట్టాక మొదలైంది. పిల్లకి హాయూన్ అని పేరు పెట్టారు. నోరు తెరిచి ఊపిరి వదిలినంత సులువుగా పలికే పేరు. ఆవిడ మర్నాడే పాత బోర్డు పీకించి 'హాయూన్ వాళ్ల నాచు కొట్టు' అని కొత్తది పెట్టించింది. సియోల్ నుంచి బస్సుల్లో వచ్చే ఆడవాళ్లు ఆ బోర్డు కింద ఆగి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో పేరు!" అని ఒక కట్ట ఎక్కువ కొంటున్నారు. నా బోర్డు మీద 'క్వాంగ్‌హో నెత్తళ్లు' అని ఉంటుంది. మేకు మీద సుత్తి పడ్డట్టుంటుంది ఆ పేరు. దాన్ని ముద్దుగా ఉందన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

సందంతా ఆవిణ్ని హాయూన్ వాళ్ల నానమ్మా అని పిలవడం మొదలెట్టింది. రోజూ ఆ పిలుపు నా చెవిలో పడేది. పిలిచిన ప్రతిసారీ ఆవిడ "ఆఁ" అనే తీరు చూడాలి. వసంతంలో మొదటి వలకి పడ్డ చేపలన్నీ తనకే దొరికినట్టు ఉండేది.

మా కోడలు హూనమ్ కడుపుతో ఉందని తెలిసినప్పుడు, నిజం చెప్పాలంటే, నేను ముందు బోర్డు గురించే ఆలోచించాను.

నెలలు నిండుతున్న రోజుల్లో ఒక ఆదివారం కొడుకూ కోడలూ భోజనానికి వచ్చారు. నెత్తళ్లు తీపి కారంలో వేయించి, ముల్లంగి కిమ్చీ పచ్చడి తీసి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక హూనమ్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"స్కానింగ్‌లో ఆడపిల్లని చెప్పారు కదా, పాపకి పేరు అనుకున్నాం అత్తయ్యా."

"ఏంటది?"

"హాయూన్."

నీళ్లు తాగాను.

"ఆ పేరా! గుమ్మానికొకటి ఉంది కదే. బళ్లో టీచరు పిలిస్తే సగం గది లేచి నిలబడుద్ది."

క్వాంగ్‌హో నవ్వాడు. "మంచి సరుకు కాబట్టే అందరూ కొంటున్నారమ్మా. ఊరంతా తింటోందని నీ నెత్తళ్లు మానేశామా?"

"అందరి దగ్గరా ఉన్న సరుకుకి ధర పలకదు రా."

"పిల్లని అమ్ముతామా ఏంటే?"

"నోరు మూసుకుని తిను."

హూనమ్ నవ్వలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని నా వైపే చూస్తోంది.

"నా పేరు ఎందుకు పెట్టారో మీకు తెలుసు కదా అత్తయ్యా."

తెలుసు. దాని వెనకాల మగపిల్లాడు పుట్టాలని మొక్కుకుని వాళ్ల తాతగారు పెట్టిన పేరది. తరవాత మగవాడు రావాలి అనే అర్థం పేరులోనే ఉంది. వచ్చే తమ్ముడి కోసం వేసిన తివాచీలా పెరిగింది ఆ పిల్ల.

"బడి మొత్తంలో హూనమ్‌ని నేనొక్కదాన్నే. కొత్త టీచరు హాజరు పిలిచిన ప్రతిసారీ అందరూ నావైపు తిరిగేవాళ్లు. తమ్ముడు పుట్టాడా అని అడిగేవాళ్లు. నా కూతురికి అలాంటి ఒంటరి పేరు వద్దు. పేరు పిలిస్తే నలుగురు ఆడపిల్లలు తల తిప్పాలి. వాళ్లలో ఇదొకతి అవ్వాలి. నాకంతే చాలు."

గుర్తింపు కాగితాల్లో నా పేరు కుట్‌సూన్ అని ఉంటుంది. నలుగురు ఆడపిల్లల తరవాత ఐదోది పుడితే, ఇక ఇదే ఆఖరు అని మా నాన్న పెట్టిన పేరు. ఎవరికీ లేని పేరు మొయ్యడమంటే ఏంటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటతో జాలి పుట్టాల్సిన చోట నాకు ఇంకోటి పుట్టింది. ఇంకా పుట్టని ఆ పిల్ల మీద కుళ్లు. నా ముఖాన ఆఖరు అని రాశారు. దీనికి మాత్రం పిలిచినవాళ్ల ముఖం విచ్చుకునే పేరా? పైగా ఆ పేరు బజారులో అప్పటికే ఒకరి సొత్తు. ఆవిడ హాయూన్ వాళ్ల నానమ్మ. నేను చిన్న హాయూన్ వాళ్ల నానమ్మని అవుతాను. కొట్టు వెనకే, పిలుపూ వెనకే.

"పుట్టనీ, చూద్దాం" అన్నాను. ధర నచ్చనప్పుడు నేనెప్పుడూ అనే మాటే అది.

మర్నాడు కొట్టు మధ్యాహ్నం కట్టేసి పేర్లు పెట్టే మాస్టారి దగ్గరికి వెళ్లాను. పుట్టిన ఘడియ చూసి పేరు కట్టి ఇస్తాడాయన. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన మాట కాదనరు. ఒక పెట్టె మేలురకం నెత్తళ్లు బల్ల మీద పెట్టాను.

"మాస్టారూ, పిల్ల పుట్టాక మావాళ్లు హాయూన్ అనే పేరుతో వస్తారు. ఆ పేరులో ఏదో దోషం ఉందని మీరు చెప్పాలి."

ఆయన పెట్టె మూత తీసి వాసన చూశాడు. మళ్లీ మూత పెట్టేశాడు.

"నెత్తళ్లు బావున్నాయమ్మా. కానీ ఆ పేరు ఈ మధ్య నేనే ఎంతమందికి ఇచ్చానో తెలుసా? దోషం ఉందంటే వాళ్లంతా నా గుమ్మం ముందు కూర్చుంటారు. నీ నాచు కొట్టు అక్క మనవరాలికీ నేనే ఇచ్చాను."

"మీరేనా?"

"అవును. ఆవిడ ఎండు చేప గుడ్లు తెచ్చింది."

అక్కడ కూడా ఆవిడే ముందు. నెత్తళ్ల పెట్టె వెనక్కి తీసుకోబోయాను. ఆయన దాని మీద చెయ్యి వేసి, "ఇది సలహాకి" అన్నాడు. తప్పు పట్టలేను. ఆయన చోట నేనున్నా అదే చేసేదాన్ని.

పిల్ల సముద్రం పోటు మీదున్న వేళ తెల్లారుతుండగా పుట్టింది. తల్లీ పాపా ఇద్దరూ క్షేమం అని క్వాంగ్‌హో ఫోన్ చేసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కన్నీళ్లు తుడుచుకునే లోపలే నాచు గుర్తొచ్చింది. బాలింతకి మియక్ అనే నాచుతో సూపు కాచి పెట్టాలి. ఆ నాచు అత్తగారే కొని తేవాలి.

బాలింత నాచుకి ఒక పద్ధతుంది. రాళ్ల మీద పెరిగిన పొడుగాటి నాచుని నిలువునా ఎండబెట్టినది తేవాలి. దాన్ని మడవకూడదు, కొయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బేరమాడకూడదు. దాని ధర తగ్గించమంటే బిడ్డ ఆయుష్షు తగ్గించమన్నట్టే. నేను చూస్తూండగా గడుసువాళ్లు కూడా ఆ ఒక్క సరుకు దగ్గర నోరెత్తకుండా డబ్బులిచ్చి పోయారు.

అలాంటి నాచు మా సందులో ఒక్క కొట్లోనే దొరుకుతుంది. వేరే ఊరెళ్లి తెస్తే సందంతా ఎందుకని అడుగుతుంది. వెళ్లక తప్పలేదు.

నన్ను చూడగానే ఆవిడ స్టూలు మీంచి లేచింది. "రా రా, నానమ్మా! ఆడపిల్లటగా! పొద్దున్నే నీ కొట్టు తెరవకపోతే అప్పుడే అనుకున్నా." లోపలికెళ్లి, పైన వేలాడుతున్న కట్టల్లోంచి మనిషెత్తు నాచు ఒకటి దించింది. నల్లగా, దళసరిగా, అంచులు చిరగకుండా ఉంది. నిజంగా మంచి సరుకు. దానికంటే మంచిది నేనైనా ఏరలేను. "ఇది నా కోడలి కోసం దాచిందే. రెండో కాన్పుకి పనికొస్తుందనుకున్నా. ముందు మీ పిల్లకి కావాలి, తీసుకో."

"పేరేం పెడుతున్నారు?" ఎదురుగా చేప వడలు వేయిస్తున్న వడలక్క అరిచింది.

"ఇంకా అనుకోలేదు" అన్నాను.

"అనుకోకపోవడమేంటే?" నాచు అక్క నవ్వింది. "మా కోడలు చెప్పింది. హాయూన్ అటగా! మీ హూనమ్ ఆస్పత్రిలో కలిసినప్పుడు అందిట. మంచిదేగా! మాది పెద్ద హాయూన్, మీది చిన్న హాయూన్. నువ్వు చిన్న హాయూన్ వాళ్ల నానమ్మవి. నా వెనకాలే ఉంటావు, కలిసొస్తుంది."

ఆవిడ ప్రేమగానే అంది. నాకు మాత్రం నిలువునా మంట పుట్టింది. ఆవిడ తాడు కడుతూ ధర చెప్పింది. నా నోరు నాకంటే ముందు పని చేసింది.

"మరీ అంత చెప్తావేంటక్కా? కాస్త తగ్గించు."

సందులో నూనె చిటపట తప్ప ఏమీ వినపడలేదు. వడలక్క గరిటె గాల్లో ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి నోటా వినని మాట, నా మనవరాలి నాచు దగ్గర నేనే అన్నాను.

నాచు అక్క ముఖంలో రంగు పోయింది. తాడు ముడి వేస్తున్న వేళ్లు వణికాయి. అప్పుడు తలెత్తి, సందంతా వినపడేటట్టు అంది:

"ఐసు బండి చప్పుడులో నాకేం వినపళ్లేదు. ఏమన్నావ్?"

సందులో ఐసు బండి లేదు. అది అందరికీ తెలుసు.

"మంచి నాచు అన్నాను" అన్నాను. చెప్పిన ధర రెండు చేతులతో ఇచ్చాను. వడలక్క గరిటె మళ్లీ కదిలింది.

ఆవిడ తిట్టుంటే లెక్క సరిపోయేది. నేనొక మాట, ఆవిడొక మాట, ఇద్దరం ఇళ్లకి పోయేవాళ్లం. ఆవిడ నా తప్పు కడిగేసింది. ఆ వణికే వేళ్లు చూశాను కదా. నా మనవరాలి కోసం నాకంటే ముందు ఆవిడే భయపడింది. మంచితనంలో కూడా ముందు కొట్టు ఆవిడదే. నా ఒళ్లు ఇంకా మండింది. కానీ ఆ మంటలో అంతకు ముందున్న బలం లేదు.

ఆ నాచుని నిలువుగా పట్టుకుని బస్సు ఎక్కబోతే డ్రైవరు ఆపాడు. "అది తలుపులో పట్టదు, మడవండి."

"నీకు పిల్లలున్నారా?"

"ఉన్నారు. ఏం?"

"వాళ్లమ్మకి మడిచిన నాచు పెట్టావా?"

అతను అద్దంలో నన్ను చూసి, "వెనక తలుపు తీస్తా, అటునుంచి ఎక్కండి" అన్నాడు.

హూనమ్ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ నాచుతో సూపు కాచాను. గిన్నె ఖాళీ చేసి తను నా వైపు తిరిగింది. పాప పక్కనే పడుకుని ఉంది. క్వాంగ్‌హో తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. పేరు నమోదు చెయ్యడానికి గడువు దగ్గర పడింది.

"అత్తయ్యా, మీకు నచ్చిన పేరే పెట్టండి. హాయూన్ వద్దులెండి. నేను ఓడిపోయాననుకోకండి, నాకు నిద్ర కావాలి, అంతే" అని కళ్లు మూసుకుంది.

నేను కోరుకున్నది అదే. అవతలివాళ్లు ఒక్కసారిగా ధర దించేసి చేతులెత్తేస్తే నేను డబ్బులు తియ్యను. సరుకు మళ్లీ ఒకసారి చూస్తాను. కాబట్టి పాపని చూశాను. గుప్పిళ్లు మూసుకుని పడుకుంది. ఈ పిల్లకి ఎవరికీ లేని పేరు పెడితే నాకేం వస్తుంది? సందులో ఒక ప్రత్యేకమైన పిలుపు. దానికి ఖర్చెవరు పెడతారు? ఇదిగో, ఈ పిల్ల. బళ్లో ఒక్కతే తల తిప్పుతూ, వాళ్లమ్మలాగా, నాలాగా. నా పిలుపుకి దీని జన్మంతా ధర. నాచు దగ్గర ఒకసారి ఆ బేరం నోరు జారి ఆడాను. ఇప్పుడు తెలిసి తెలిసి ఆడలేను.

"హాయూన్" అన్నాను.

హూనమ్ కళ్లు తెరిచింది. "ఎవరిని పిలుస్తున్నారు?"

"నీ కూతుర్ని. వెళ్లి రాయించుకు రారా" అన్నాను క్వాంగ్‌హోతో. "నేను మనసు మార్చుకోకముందే వెళ్లు."

వాడు ఒక చెప్పు సగం వేసుకునే పరిగెత్తాడు. హూనమ్ నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. దాని చెయ్యి వెచ్చగా ఉంది. నా కళ్లు చెమర్చబోతున్నాయని తెలిసి పాప వైపు తిరిగి టోపీ సర్దబోయాను. అది జారిపోయింది. కింద నల్లటి జుట్టు ఒత్తుగా, అప్పుడే నూనె రాసినట్టు మెరుస్తోంది.

నేను ఆగిపోయాను. నాచు అక్క హాయూన్ తల ఏడాది నిండిన పండగ నాటికి కూడా గుమ్మడికాయలా నున్నగా ఉండేది. ఫొటోకి గుడ్డతో జడ కట్టారు.

"అమ్మాయ్, దీన్ని బజారుకి తెచ్చే రోజున టోపీ పెట్టకు."

"ఎండ కదా అత్తయ్యా?"

"ఎండయితే గొడుగు నేను పడతాను" అన్నాను. "ముందు నాచు కొట్టు దగ్గర ఆగుదాం."