బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి రాంగ్ రూట్

గుణదలలో ఛాయాదేవి గారంటే అందరికీ హడల్. ఆవిడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు. లైసెన్సు టెస్టులో కాలు నేలకి తగిలిందా, ఎవరి సిఫార్సు తెచ్చుకున్నా ఫెయిలే. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే నైటీ మీద చున్నీ కప్పుకుని, హెల్మెట్ లేకుండా, పెరుగు ప్యాకెట్ కోసం స్కూటీ మీద రాంగ్ రూట్‌లో బయల్దేరింది. యూటర్న్ చూస్తే ఎక్కడో ఉంది. వీధి వీధంతా అలాగే వెళ్తుంది. సెలవు రోజున కూడా ఆఫీసరేనా అనుకుంది. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్న కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీయడం ఆవిడ చూడనేలేదు.

మర్నాడు ఆ కుర్రాడే టెస్టుకొచ్చాడు. పేరు హర్షవర్ధన్. పోయిన నెల ఆవిడే ఫెయిల్ చేసింది. ఫోన్ చూపించి, వినయంగానే అడిగాడు.

"ఇది మీరే కదండీ మేడమ్? నన్ను పాస్ చేసేయండి, డిలీట్ చేసేస్తా. లేదంటే సాయంత్రానికి గ్రూపులన్నిట్లో ఉంటుంది."

ఛాయాదేవి ఆ వీడియో చివరిదాకా చూసింది. ఉద్యోగం, పరువు, పైగా ఆ నైటీ!

"ముందు బండెక్కు" అంది.

ఎనిమిది అంకె సగం తిప్పాడో లేదో, కాలు కింద పెట్టేశాడు. ఆవిడ చేతిలో ట్యాబ్ ఉంది. పాస్ అని నొక్కితే పీడ విరగడైపోతుంది. వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. కానీ వీణ్ణి ఇవాళ వదిలేస్తే, రేపు వీడి బండి కింద ఎవరు పడ్డా ఆ పాపం తనదే. ఫెయిల్ నొక్కేసింది.

"ఆ వీడియో నాకూ పంపు" అంది.

కుర్రాడు బిత్తరపోయి పంపాడు. దాన్ని అక్కడే నిలబడి ట్రాఫిక్ పోలీసులకీ, పై అధికారి రామకోటేశ్వరరావు గారికీ పంపింది. 'ఇందులో ఉన్నది నేనే. చలానా వేయండి' అని కింద రాసింది.

మధ్యాహ్నం క్యారేజీ తెరవబుద్ధి కాలేదు. సస్పెన్షన్ తప్పదనుకుంటూ కూర్చుంది. ఫోన్ మోగింది.

"చలానా కట్టి రసీదు పంపండమ్మా" అన్నారు రామకోటేశ్వరరావు గారు. గొంతు తగ్గించి, "నేనూ అక్కడే రాంగ్ రూట్‌లో తిప్పేస్తుంటాను. ఇక మానేస్తాలెండి" అన్నారు.

అమ్మయ్య! క్యారేజీలో చల్లారిన పులిహోర మెతుకు మిగల్చకుండా తినేసింది.

వీడియో గ్రూపుల్లోకి రానే వచ్చింది. వీధిలో ఆడవాళ్లు నైటీ గురించే నవ్వారు. ఛాయాదేవీ నవ్వేసింది. ఇక దాచుకోవాల్సిందేం లేదు, అదే హాయి.

ఆ పై ఆదివారం నైటీ మీద హెల్మెట్ పెట్టుకుని, యూటర్న్ దాకా వెళ్లి తిరిగొస్తుంటే, టిఫిన్ బండి దగ్గర మళ్లీ హర్షవర్ధన్. స్కూటీ ఆపింది.

"ఇది వీడియో తియ్యవేం?"

"ఇదెవరు చూస్తారండీ మేడమ్!"

"నువ్వు చూశావుగా. చాలు" అని పెరుగు కోసం వెళ్లిపోయింది.